శాకఫల వైవిధ్యము: జిహ్వాచాపల్యమా, శరీరధర్మమా?

భగవత్కైంకర్యమే పరమప్రయోజనమని నమ్మిన గృహస్థుల యిండ్లలో తరచుగా వినవచ్చు సందేహమొకటి కలదు. దేహము అనిత్యము, నేడో రేపో రాలిపోవునది. అట్టిదానికి ఉదయము కాకరకాయ యేల, మాపటికి తోటకూర యేల, నడుమ బొప్పాయి పండేల? స్వామికి ఆరగింపైన అన్నము, ఇంత ఊరగాయ, తీర్థము, తులసీదళము చాలవా? వైద్యులు వచ్చి పలురంగుల కూరలు, పండ్లు తినుడని బోధించునప్పుడు, అది దేహమే ఆత్మయను భ్రాంతిని పెంచు మాటవలె పెద్దలకు తోచును. ఈ సందేహము కేవలము మొండితనము కాదు. దీని వెనుక శాస్త్రబలము కొంత కలదు. కావున త్రోసిపుచ్చుటకు ముందు దీనిని పూర్తిగా వినవలెను.

శ్రీమద్భాగవత ఏకాదశస్కంధమున అవధూత యదుమహారాజునకు తన యిరువదినలుగురు గురువులను గూర్చి చెప్పెను. అందు మీనమొక గురువు. గాలమునకు గ్రుచ్చిన ఎరకై నోరు తెరచి అది ప్రాణము కోల్పోయినది. తక్కిన యింద్రియములు ఉపవాసమున లొంగును గాని జిహ్వ మాత్రము ఆకలితో మరింత పెచ్చుపెరుగుననియు, దానిని జయింపని వాడు జితేంద్రియుడు కాడనియు అచట తాత్పర్యము. కొండచిలువయు ఆయనకు గురువే. అది తన కడకు వచ్చినదానిని తిని, రాకున్న పడియుండును. ఇట్టి బోధలు విన్న భక్తుడు నానావిధ శాకములకై సంతకు పోవుట తనకు తగదనుకొనుటలో వింత లేదు.

అయినను ఇచట ప్రశ్నను కొంచెము మార్చి అడుగవలసియున్నది. జిహ్వకు దాసుడైన వాడు నిజముగా వైవిధ్యమును కోరునా? ఎవరి యింటనైనను చూడవచ్చును. రుచికి లొంగిన నాలుక పది కోరదు, ఒక్కటే కోరును. ఆవకాయ లేనిదే ముద్ద దిగని వాడు, బంగాళాదుంప వేపుడు లేనిదే కంచము తోసివేయు బాలుడు, ప్రతిదినము తీపి యడుగు వృద్ధుడు వీరందరు ఏకరుచికి బందీలైన వారే. చేప యెరలో పలు రుచులు లేవు, ఉన్నది ఒక్కటే. కాకర చేదును, ఉసిరిక వగరును, మెంతికూర కటుత్వమును, పొట్లకాయ చప్పదనమును సమభావముతో స్వీకరించు నాలుక జయింపబడిన నాలుక. ఈ దృష్టితో చూచినచో వైవిధ్యము భోగము కాదు, నియమమే యగును. అవధూతకు తుమ్మెదయు గురువైనదని మరువరాదు. అది చిన్న పూవు, పెద్ద పూవు అను భేదము లేక ఒక్కొక్కదానినుండి కొంచెము కొంచెము గ్రహించును. ఏ పూవునూ పీడింపదు. మీనమును చూపి కూరలను మానిన వారు తుమ్మెదను గూర్చియు రెండు మాటలు వినవలెను.

చరకసంహిత సూత్రస్థానమున ఏది యేమి చేయుటలో శ్రేష్ఠమో చెప్పు ఒక దీర్ఘమైన పట్టిక కలదు. అందు బలమునిచ్చువానిలో అన్ని రసములను అలవాటు చేసికొనుట ముఖ్యమనియు, దౌర్బల్యము కలిగించువానిలో ఒకే రసమును అలవాటు చేసికొనుట ముఖ్యమనియు ఉన్నది. నేటి వైద్యులు రంగుల భాషలో చెప్పుదానిని ఆ మహర్షి రసముల భాషలో చెప్పెననుకొనవచ్చును. రెండును ఒక్కటేయని పట్టుబట్టనక్కరలేదు. రెండును ఏకవిధాహారమును దోషముగా నెంచినవి, అది చాలును.

ఇక దేహము అనిత్యమను మాట. అది సత్యమే. కాని అనిత్యమైన ప్రతిదియు ఉపేక్షింపదగినదా? భగవద్రామానుజులు శ్రీభాష్యమున బ్రహ్మోపాసనకు ఏడు సాధనములను పేర్కొనిరి: వివేకము, విమోకము, అభ్యాసము, క్రియ, కల్యాణము, అనవసాదము, అనుద్ధర్షము. వీనిలో మొట్టమొదటిదైన వివేకమనగా నేమి? నిత్యానిత్య వస్తువిచారమని పాఠకులు ఊహింతురు. అది కాదు. జాతి, ఆశ్రయ, నిమిత్తములను మూడు దోషములు లేని అన్నముచే శరీరమును శుద్ధముగా నుంచుకొనుటయే అచట వివేకమనబడినది. ఉపాసన యను మహాసౌధమునకు తొలిమెట్టు వంటయింటిలో నున్నదన్నమాట. దేహమును పట్టించుకొనరాదనుటే సిద్ధాంతమైనచో ఆచార్యులు ఆ మెట్టును అచట నుంచియుండెడివారు కారు.

అంతేకాదు. విశిష్టాద్వైతమున చిదచిత్తులు రెండును భగవంతునకు శరీరము. జీవుడు శేషభూతుడు, స్వామి శేషి. కనుక ఈ దేహము కూడ స్వామి సొత్తే. కోవెల పాత్రను మనది కాదని తుప్పు పట్టనిచ్చు అర్చకుని ఎవరు మెచ్చుకొందురు? మనది కానందువల్లనే దానిని జాగ్రత్తగా చూడవలెను. తన ఉపేక్షచే కన్ను మసకబారి, కాలు వణకి, సేవకు పనికిరాని దశ తెచ్చుకొన్నవాడు వైరాగ్యమును సాధించినట్లు కాదు. ఒప్పగించిన సొత్తును పాడుచేసినట్లు.

ఛాందోగ్యమున ఉద్దాలకుడు కుమారుడైన శ్వేతకేతువుచే పదునైదు దినములు అన్నము మాన్పించి, నీరు మాత్రము త్రాగనిచ్చెను. పదునారవ దినమున వేదము చెప్పుమనగా అతనికి ఏదియు స్ఫురింపలేదు. భుజించి వచ్చిన పిదప అంతయు జ్ఞప్తికి వచ్చెను. తినిన అన్నములోని సూక్ష్మాంశమే మనస్సగునని తండ్రి ఆ విధముగా ప్రత్యక్షముచే నేర్పెను. ఇది ఉపనిషత్కథ యని కొందరు ప్రక్కనుంచవచ్చును. తెలుగుదేశముననే, నిన్నమొన్నటి కాలమున, దీనికి దగ్గరగా నున్న ఉదాహరణమొకటి కనిపించినది.

కడప జిల్లాలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల చేరువనున్న రాజుపాలెము ప్రాంతము నల్లరేగడి నేల. ఎర్రమలలనుండి దిగివచ్చిన కుందూనది ఈ సీమను తడుపుచు పోయి పెన్నలో కలియును. జొన్న, శనగ, ప్రత్తి ఇచటి పాతపంటలు. పూర్వము ఇచట అన్నమనగా పండుగనాటి మాట. ప్రతిదినము జొన్నరొట్టెయో, సంగటియో ఆధారము. జొన్న బలమైన ధాన్యము, దానికి దోషమంటగట్టరాదు. కాని దక్కన్ పీఠభూమిలో జొన్న తప్ప మరేదియు దొరకని నిరుపేదలలో పెల్లాగ్రా యను వ్యాధి కనబడుచుండెడిది. ఎండ తగిలిన చోట చర్మము నల్లబడి పొలుసులు రేగును, అతిసారము పట్టును, ముదిరినచో మతి చలించును. నయాసిన్ అను విటమిను చాలకపోవుటయే ఈ వ్యాధికి మూలము. 1918లో కూనూరున పుట్టి, తరువాత హైదరాబాదునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాలలో డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్. జి. శ్రీకాంతియాగారలు జొన్నలో అధికముగా నున్న లూసిన్ అను అంశమునకు ఈ వ్యాధితో సంబంధమున్నదని 1960లో ప్రకటించిరి. లూసిన్‌ను గూర్చి పిమ్మట భిన్నాభిప్రాయములు వచ్చినవి గాని, ఒకే ధాన్యముతో బ్రతుకు నెట్టుకొనువారికి ఆ వ్యాధి వచ్చుననుటలో భేదము రాలేదు. అన్నలోపము మనస్సును చలింపజేయునను ఉపనిషద్వాక్యమునకు ఇంతకంటె నిదర్శనమేల?

జొన్న తినిన వారందరికీ ఆ వ్యాధి రాలేదు. రొట్టెతోపాటు వేరుశనగల ఊరుబిండి, వంకాయ కూర, పప్పులో ఏదో ఒక ఆకు ఉన్న యింటికి అది చేరదు. వేరుశనగలో నయాసిన్ సమృద్ధిగా నున్నది. అమెరికా ఖండమునుండి ఓడలపై వచ్చిన గింజ ఈ రేగడి పల్లెల రొట్టెకు తోడైనది. ఊరుబిండి నూరిన పల్లెటూరి అవ్వలకు విటమిను పేరు తెలియదు. అయినను వారి రోలు చేసిన మేలు చిన్నది కాదు.

కాలము మారినది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము పథకము వచ్చిన తరువాత జొన్న వెనుకకు పోయి వరియన్నము ప్రతి కంచములోనికి వచ్చినది. ఆకలి తీరినది, అది పుణ్యకార్యమే. కాని తెల్లని అన్నము, ఎర్రని కారము అను రెండు రంగులతోనే భోజనము ముగియు యిండ్లు ఇప్పటికిని తక్కువ కావు. భగవద్గీత పదునేడవ అధ్యాయమున అతిగా కారము, అతిగా పులుపు, అతిగా ఉప్పు గల ఆహారము రాజసమనియు, దుఃఖమును రోగమును కలిగించుననియు చెప్పబడినది. ఈ మాట రాయలసీమవారికి కొంచెము కష్టముగా నుండును. కారమును పూర్తిగా విడువుమని గీతాచార్యుడనలేదు. అతి యను మాటపైననే బరువుంచెను.

పైగా ఈ ఎండుమిరప మనదే ననుకొనుటయు పొరపాటు. అది పోర్చుగీసువారి ఓడలతో పదునారవ శతాబ్దమున ఈ దేశమునకు వచ్చినది. ఇదే కడప సీమలో తాళ్ళపాకన పుట్టి 1503లో పరమపదించిన అన్నమాచార్యులవారి యింటి వంటలో కారమునకు మిరియమే గాని మిరప ఉండుటకు వీలులేదు. ఈ సంగతి మరియొక వివాదమునకు కూడ పనికివచ్చును. కొన్ని వైష్ణవగృహములలో క్యారెట్టు, టొమాటో, క్యాబేజీ, కాలీఫ్లవరు మొదలగువానిని సీమకూరలని నైవేద్యమునకు వాడరు. ఆ నియమము వారి వారి ఆచార్యపరంపర ననుసరించినది. కోవెలలో కోవెల సంప్రదాయమే ప్రమాణము. దానిని మార్చుమనుట ఎవరి పనియు కాదు. కాని దూరదేశమునుండి వచ్చినదంతయు నిషిద్ధమని వాదించువారు మిరపను, వేరుశనగను, జామను, బొప్పాయిని ఏమి చేయుదురు? వృక్షశాస్త్రజ్ఞులలో అధికసంఖ్యాకులు సీతాఫలమునకును అమెరికాయే పుట్టిల్లందురు. తెలుగువారు దానికి జానకీదేవి పేరు పెట్టి యింటి బిడ్డను చేసికొనిరి.

నిషేధములను పాటించువారికి కూరలు కరవగునను భయమును అనవసరము. ఉల్లి, వెల్లుల్లి, ములగ మొదలగువానిని విడిచినను గుమ్మడి, బీర, పొట్ల, దొండ, బెండ, చిక్కుడు, కాకర, అరటి, కంద, చేమ మిగులును. తోటకూర, బచ్చలి, మెంతి, పొన్నగంటి, గంగపాయ, పుంటికూర మిగులును. మామిడి, నేరేడు, దానిమ్మ, ఉసిరిక, చీనీ మిగులును. నిషేధము చేత కాక, సోమరితనము చేతనే ఈ పట్టిక కుదించుకొనిపోవుచున్నది. ఏకాదశి ఉపవసించిన శ్రీవైష్ణవులు ద్వాదశి పారణకు అవిసె ఆకును, ఉసిరికను ఎన్నుకొనుట ప్రసిద్ధము. అవిసెలో సున్నపుధాతువు, ఉసిరికలో సి విటమిను మెండుగా నున్నవని నేటివారు కనుగొనిరి. ఉపవాసమునకు మరునాడు కడుపునకు ఏమి కావలెనో వ్రతము తనలోనే ఉంచుకొన్నది.

చాతుర్మాస్యమున మొదటి మాసము శాకవ్రతము గదా, అప్పుడు కూరలు మానుట ధర్మమే గదాయని ఒక ఆక్షేపము రావచ్చును. ధర్మమే. కాని అది ఒక్క మాసము. రెండవ మాసము పెరుగు, మూడవ మాసము పాలు, నాల్గవ మాసము ద్విదళములు విడుతురు. శాకములు మరల వచ్చును. తినుచున్నదానిని స్వామికొరకు విడుచుట త్యాగము. సంవత్సరము పొడవునా కూరయే యెరుగని వాడు ఆషాఢమున శాకవ్రతము పట్టినచో అతడు విడిచినదేమి?

రంగుల సంగతి కొంత చెప్పవలసియున్నది. గుమ్మడి, మామిడి, బొప్పాయి, క్యారెట్టులకు పసుపునెరుపు వన్నెనిచ్చు కెరోటిన్ దేహమున ఏ విటమినుగా మారి కంటిని కాపాడును. ముదురుపచ్చని ఆకులలోను అది నిండుగా నుండును, పచ్చదనము దానిని కప్పియుంచును. ఈ విటమిను లోపముచే పిల్లలకు రేచీకటి, ఆ పిమ్మట అంధత్వము వచ్చుచుండుట చూచి 1970లో దేశమంతట చిన్నపిల్లలకు ఏ విటమిను మోతాదులిచ్చు కార్యక్రమమును ఆరంభించిరి. నేరేడు, వంకాయతొక్కల ఊదారంగు వేరొక జాతి పదార్థము. టొమాటో, పుచ్చకాయల ఎరుపు మరియొకటి. ఒక రంగు చేయుపనిని వేరొకటి చేయజాలదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో వెలువరించిన సూచనల ప్రకారము పెద్దవారు దినమునకు కూరలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు తినవలెను. ఆ కూరలలో ఆకుకూర 100 గ్రాములుండవలెను. మన యిండ్లలో మనిషికి ఎంత పడుచున్నదో ఒక దినము తూచి చూచుకొన్న తెలియును.

వండు విధమున ప్రాచీనులకు, నవీనులకు ఒకచోట ఏకాభిప్రాయము, ఒకచోట భేదము కలదు. ఆకుకూరను ఉడికించి, రసము పిండివేసి, స్నేహద్రవ్యము బాగుగా చేర్చి తినుమని చరకుడు. నెయ్యియో నూనెయో కొంచెము లేనిదే కెరోటిన్ ఒంటబట్టదని నవీనులు, కనుక స్నేహము విషయమున వివాదము లేదు. ఉడికిన నీరు పారబోయుట మాత్రము నేటివారు ఒప్పుకొనరు, నీటిలో కరగు విటమినులు దానితో పోవును. పప్పులో కలిపి వండు మన అలవాటున ఆ నష్టము లేదు. దించిన పిదప నిమ్మరసము పిండినచో ఆకులోని ఇనుము చక్కగా జీర్ణమగును. నిమ్మజాతి పండ్ల మహిమను 1747లో జేమ్స్ లిండ్ అను స్కాట్లండు దేశపు నౌకావైద్యుడు పరీక్షించి చూచెను. నెలల తరబడి ఎండు ఆహారముతో చిగుళ్ళు కుళ్ళిన నావికులకు దినమునకు రెండు నారింజలు, ఒక నిమ్మపండు ఇయ్యగా వారు కొలదిదినములలోనే కోలుకొనిరి. మధుమేహము, మూత్రపిండముల వ్యాధి గలవారు ఏ పండు ఎంతయో తమ వైద్యునే అడుగవలెను.

పండ్లు ధనికుల సొమ్మనునది మిగిలిన ఆక్షేపము. పులివెందుల తోటల చీనీకాయలు, అరటిగెలలు లారీలకెక్కి దూరపు పట్టణములకు పోవుచుండగా, ఆ తోటలో కూలికి పోయిన తల్లి తన బిడ్డకు ఒక కాయ కొనుటకు వెనుదీయుట అసత్యము కాదు. ఇది ధర్మమెరిగినవారికి సిగ్గు కలిగింపవలసిన విషయము. తోటగల భక్తులు తొలికాపు స్వామికి సమర్పింతురు. ఆ ప్రసాదము పనివారి పిల్లల చేతికి చేరుటలోనే సమర్పణ పూర్తియగును. తోటలేని వారికి చేలగట్లున్నవి. శనగచేలలో లేతచిగుళ్ళు గిల్లినచో మొక్క గుబురుగా పెరుగును, గిల్లిన చిగురు పప్పులోనికి వచ్చును. గంగపాయ, పొన్నగంటి తేమగల చోట్ల తమంతట మొలచును. మందుచల్లిన చేలగట్లపై మాత్రము వీనిని కోయరాదు.

రాజుపాలెము మండలములోనే కుందూనది గట్టున వెల్లాల యున్నది. చెన్నకేశవస్వామి, సంజీవరాయస్వామి అచట వెలసియున్నారు. సంజీవనికై పోవుచు హనుమంతుడు కుందూనదిలో సూర్యునకు అర్ఘ్యమిచ్చెననియు, నిలువుమని వేడినవారితో వెళ్ళాలి, వెళ్ళాలి అనెననియు, అందుచే ఊరికా పేరు వచ్చెననియు అచటివారు చెప్పుకొందురు. లక్ష్మణస్వామి ప్రాణమును నిలిపినది ఒక ఆకుమందు. స్వామిభక్తులలో అగ్రగణ్యుడైన ఆంజనేయుడు దానికొరకు కొండనే పెకలించెను. దేహము అనిత్యము గదాయని ఆయన ఊరకుండలేదు. అరణ్యవాసమున ద్రౌపది అక్షయపాత్రకు అంటిన ఆకుకూర తునుకతో కృష్ణస్వామి తృప్తిచెందిన వృత్తాంతము నెరుగనివారు లేరు. స్వామి మెచ్చినదానిని నీచమని తలచి పిల్లలు కంచము ప్రక్కకు నెట్టునప్పుడు పెద్దలు చెప్పదగిన కథ అది.

ఈ విచారమంతటిలో మిక్కిలి బరువైనది వడ్డన క్రమము. ఇంట పది కూరలు వండినను అవి ఎవరికి దక్కుచున్నవి? అనేక గృహములలో స్వామికి ఆరగింపైన పిదప పురుషులు, అతిథులు, పిల్లలు భుజింతురు. వండిన యిల్లాలు కడపట కూర్చుండు వేళకు గిన్నెలో అన్నము, చారు మిగులును, కూర యుండదు. ఆమె దీనిని పాతివ్రత్యమనుకొనును, ఇంటివారు సంప్రదాయమందురు. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో సగము మందికి పైగా రక్తహీనత కలవారని తేలినది. దీనికి కారణములు పలు కలవు. కడపట మిగిలిన వట్టి అన్నము అందొకటి.

ఇది శాస్త్రసమ్మతమా? మనుస్మృతి మూడవ అధ్యాయము వేరుగా చెప్పుచున్నది. క్రొత్తగా పెండ్లియైన స్త్రీలకు, కన్యలకు, రోగులకు, గర్భిణులకు అతిథులకంటెను ముందే, సందేహింపక, భోజనము పెట్టవలెనని అచటి విధి. అతిథి దేవునితో సమానుడని చెప్పిన శాస్త్రమే, ఆ అతిథికి ముందు గర్భిణిని నిలిపినది. దంపతులు తక్కినవారి తరువాత భుజింపవలెనని ఆ వెంటనే యున్నది, దంపతులనగా ఇరువురు. భర్త మొదటి పంక్తిలోను, భార్య కడపటి మెతుకులతోను అని అచట లేదు. ఆచారమని చెప్పుకొనుచున్న దానిని గ్రంథముతో సరిచూచినచో ఆచారమే ఓడిపోవు చోట్లలో ఇదియొకటి.

నైవేద్యమైన వెంటనే, వడ్డనకు ముందే, ఇంటి స్త్రీల భాగము కూరను వేరొక గిన్నెలో తీసి మూతపెట్టుట ఏ నియమమునకు భంగము కాదు. అది ప్రసాదమే గదా. అత్తగారు స్వయముగా ఆ పని చేసినచో కోడలికి నోరు తెరచి అడుగవలసిన ఇబ్బంది యుండదు. భోజనమైన వెంటనే కాఫీ, టీలు త్రాగు అలవాటు ఇనుమును ఒంటబట్టనీయదు గనుక వానిని గంటసేపు వెనుకకు జరుపవలెను. గర్భిణులకు వైద్యులిచ్చు ఇనుపధాతువు మాత్రలను, ఆకుకూర తినుచున్నారను కారణముచే మాన్పింపరాదు.